టామాక్సిఫెన్ మొదలుపెట్టాలా? మాత్రల స్ట్రిప్పు 11 రోజులుగా ఫ్రిజ్ మీదే ఉంది

కోనసీమ టీచరు:
అందరికీ నమస్కారం. నా వయస్సు 44. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఎడమ రొమ్ములో 2.2 సెంటీమీటర్ల గడ్డ ఉన్నట్టు పోయిన ఏడాది తేలింది. చంకలో తీసిన 12 గ్రంథుల్లో ఒకదానిలో క్యాన్సర్ కణాలు కనిపించాయి. గడ్డ వరకే తీసే ఆపరేషన్, ఎనిమిది కీమోలు, 15 రోజుల రేడియేషన్ అన్నీ పూర్తయ్యాయి. జుట్టు కూడా వేలెడంత మొలిచింది. ఇక గండం గడిచిందని అనుకుంటున్న రోజునే డాక్టరు గారు జబ్బు తిరగబెట్టకుండా రోజుకు 20 మిల్లీగ్రాముల టామాక్సిఫెన్ అనే హార్మోన్ చికిత్స మాత్ర రాసి, అయిదేళ్ళు తప్పనిసరి, ఆ తరువాత పదేళ్ళ దాకా అవసరమవుతుందో లేదో చూద్దామన్నారు. నా రిపోర్టులో ఈస్ట్రోజన్ రిసెప్టర్ 8కి 8, ప్రొజెస్టెరాన్ రిసెప్టర్ 8కి 6 (అంటే గడ్డ కణాలు ఈ స్త్రీ హార్మోన్లకు స్పందించే రకం), హెర్-2 అనే ప్రోటీన్ నెగెటివ్ అని ఉంది.

మందు పెట్టెలో ఉన్న కాగితాన్ని చదవకపోతే ఏ బాధా ఉండేది కాదేమో. గర్భసంచి క్యాన్సర్, రక్తనాళాల్లో గడ్డకట్టడం అన్న మాటలు చూసి చేయి ఆగిపోయింది. మా అమ్మకు తుంటి ఆపరేషన్ తరువాత కాలి సిరలో రక్తం గడ్డకట్టింది. ఒక క్యాన్సర్ రాకుండా ఉండడానికి ఇంకొక క్యాన్సర్ తెచ్చే మాత్ర ఎందుకని మా వారు అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. హార్మోన్ మాత్రల వల్లనే రొమ్ము క్యాన్సర్ వస్తుందని పేపర్లో చదివానని మా మరిది అంటున్నాడు. మంచిది, వేసుకోండి అని అందరూ చెబుతున్నారు గాని, ఎంత మంచిదో ఎవరూ అంకెల్లో చెప్పడం లేదు. నాకు ఆ అంకె కావాలి.

మందుల కొట్టు:
టీచరు గారికి నమస్కారం. నేను డాక్టరును కాను. గుంటూరులో 22 ఏళ్ళుగా మందుల దుకాణం నడుపుతున్న ఫార్మసిస్టును. మా శ్రీమతి కూడా ఇదే మాత్ర అయిదేళ్ళు వేసుకున్నది కాబట్టి ఈ విషయం అవసరానికి మించే చదివాను.

ముందు మీ మరిది గారి సందేహం. ముట్లుడిగిన తరువాత వచ్చే ఇబ్బందులకు కొందరికి ఇచ్చే హార్మోన్ మాత్రలు ఒంట్లోకి ఈస్ట్రోజన్‌ను చేరుస్తాయి. మీకు రాసినది దానికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది. రొమ్ము కణంలో ఈస్ట్రోజన్ వచ్చి అతుక్కునే చోట, అంటే రిసెప్టర్ దగ్గర, ముందుగానే తాను కూర్చుని దానిని రానివ్వదు. రెండింటికీ హార్మోన్ థెరపీ అన్న పేరే వాడడం వల్ల మా కొట్టులో కూడా వారానికి ఒకరైనా ఈ పొరపాటు పడుతుంటారు. 1896లోనే జార్జ్ బీట్సన్ అనే గ్లాస్గో సర్జన్ అండాశయాలు తీసివేస్తే ముదిరిన రొమ్ము క్యాన్సర్ కొందరిలో తగ్గుతున్నదని రాశారు. కత్తితో ఆయన చేసిన పనినే మనం మాత్రతో చేస్తున్నాము. మరొక తమాషా ఏమిటంటే, టామాక్సిఫెన్‌ను 1962లో బ్రిటన్‌లోని ఐసీఐ కంపెనీలో గర్భనిరోధక మందుల పరిశోధనలో భాగంగా తయారు చేశారు. ఆ పనికి అది పనికిరాలేదు.

ఇక అంకెలు. రిసెప్టర్ పాజిటివ్ ఉన్నవారు టామాక్సిఫెన్ అయిదేళ్ళు వాడితే, మొదటి పదేళ్ళలో జబ్బు తిరగబెట్టడం దాదాపు 40 శాతం తగ్గుతుందని, పదిహేనేళ్ళ లెక్కలో రొమ్ము క్యాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గుతాయని, అనేక దేశాల పరిశోధనలను కలిపి చేసిన విశ్లేషణ 2011లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. రిసెప్టర్ నెగెటివ్ అయితే ఈ లాభమేమీ లేదు. మీది 8కి 8 కనుక ఆ అనుమానం పెట్టుకోనక్కరలేదు.

అయితే 40 శాతం అన్నది వినడానికి అందరికీ ఒకటే, లాభం మాత్రం ఒకటి కాదు. మందు లేకుండా వందమందిలో 30 మందికి తిరగబెట్టే స్థితిలో మీరుంటే ఆ 30 కాస్తా 18 అవుతుంది, అంటే 12 మందికి మేలు. వందలో 5 మందికే తిరగబెట్టే స్థితి అయితే 5 కాస్తా 3 అవుతుంది, మేలు ఇద్దరికే. డాక్టరు గారిని అడగవలసినది ఈ మొదటి అంకెనే. మందు లేకపోతే నాకు ఎంత అని అడగండి. బ్రిటన్‌లో తయారైన ప్రెడిక్ట్ అనే ఉచిత లెక్కల సాధనం ఉంది. గడ్డ సైజు, గ్రంథులు, గ్రేడు (కణాలు ఎంత దూకుడుగా కనిపిస్తున్నాయన్నది), వయస్సు ఇస్తే ఒక అంచనా చెబుతుంది. అక్కడి స్త్రీల లెక్కలతో కట్టినది కనుక దానిని డాక్టరు గారి ఎదుట కూర్చుని చూడడమే మేలు.

ఫ్రిస్కో అమ్మ:
టీచరు గారూ, నా వయస్సు 58, టెక్సస్‌లో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ముట్లుడిగినవారికి టామాక్సిఫెన్ కన్నా అరోమటేజ్ ఇన్హిబిటర్లు అనే మాత్రలు ఎక్కువగా ఇస్తారు. అనాస్ట్రోజోల్, లెట్రోజోల్, ఎక్సిమెస్టేన్ అని మూడు ఉన్నాయి. ముట్లుడిగిన తరువాత కూడా కొవ్వులోను, ఇతర చోట్లా కొద్దిగా ఈస్ట్రోజన్ తయారవుతూ ఉంటుందట. ఇవి దానిని ఆపుతాయి. టామాక్సిఫెన్‌తో పోలిస్తే వీటివల్ల పదేళ్ళ లెక్కలో రొమ్ము క్యాన్సర్ మరణాలు ఇంకొక 15 శాతం తక్కువని మా డాక్టరమ్మ చూపించింది. గర్భసంచికి ప్రమాదం లేదు, రక్తం గడ్డకట్టే భయమూ తక్కువే. కానీ కీళ్ళు!

అనాస్ట్రోజోల్ మొదలుపెట్టిన నాలుగో నెలలో ఉదయం లేవగానే కుడిచేతి వేళ్ళు విడిపోయేవి కావు. కాఫీ ఫిల్టరు పైగిన్నె తిప్పి ఊడదీయడానికి మనవడిని లేపవలసి వచ్చేది. కింద కూర్చుని లేవాలంటే మంచం కోడు పట్టుకునేదాన్ని. మానేస్తానని చెప్పాను. డాక్టరమ్మ మూడు వారాలు ఆపించి, అనాస్ట్రోజోల్ బదులు లెట్రోజోల్ ఇచ్చింది. రెండూ ఒకే జాతి మందులు కదా, తేడా ఏముంటుందని వాదించాను. ఇలా మందు మార్చిన పదిమందిలో ఏడుగురు ఆరు నెలల తరువాత కూడా కొనసాగించగలిగినట్టు ఒక పరిశోధనలో తేలిందని చెప్పింది. నేను ఆ ఏడుగురిలో పడ్డాను. నొప్పి పూర్తిగా పోలేదు, ఫిల్టరు మాత్రం నేనే తీసుకుంటున్నాను. రోజూ 40 నిమిషాలు నడక, వారానికి రెండుసార్లు చిన్న బరువులు ఎత్తడం కూడా సాయపడ్డాయి. నొప్పిగా ఉన్నప్పుడు కదలకూడదని మన ఇళ్ళలో అంటారు గాని, ఈ నొప్పికి కదలికే మందు.

ఎముకల మందం చెప్పే డెక్సా పరీక్ష మాత్ర మొదలుపెట్టే ముందే చేయించుకోండి. నాది మైనస్ 2.1 వచ్చింది, అంటే ఎముకలు పలచబడ్డాయి, కనుక ఆరు నెలలకొకసారి జోలెడ్రోనిక్ ఆమ్లం అనే ఎముకల మందు సెలైన్‌లో ఎక్కిస్తున్నారు. అంతకుముందు పళ్ళ డాక్టరుకు చూపించుకోవడం మరువకండి. ఆ మందు మొదలయ్యాక పన్ను పీకించుకుంటే దవడ ఎముకకు ఇబ్బంది రావచ్చు.

పాత ఫైళ్ళు:
పై సందేశానికి ఒక హెచ్చరిక చేర్చాలి. అరోమటేజ్ మాత్రలు అండాశయాలు పనిచేయడం మానేసినవారికి మాత్రమే. అండాశయాలు ఇంకా పనిచేస్తున్న స్త్రీ ఇవి ఒంటరిగా వేసుకుంటే ఈస్ట్రోజన్ తగ్గదు సరికదా, అండాశయాలు మరింత ఉత్తేజపడవచ్చు. మన రెండు రాష్ట్రాల స్త్రీలకు ఇది చాలా దగ్గర విషయం. ఎందుకంటే దేశంలోనే గర్భసంచి తీసివేత ఎక్కువగా జరిగే రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లోనే ఉంది.

నాకు 34వ ఏట సంచి తీశారు. 47లో రొమ్ము క్యాన్సర్ వచ్చింది. నెలసరి ఎప్పుడు ఆగిందని ఒక ఆసుపత్రిలో అడిగితే పదమూడేళ్ళయిందని చెప్పాను. అది నిజమే. వెంటనే లెట్రోజోల్ రాసి పంపించారు. అండాశయాలు ఉన్నాయా, తీశారా అని ఎవరూ అడగలేదు, నాకూ తెలియదు. ఏడు నెలల తరువాత వేరే చోట రెండో అభిప్రాయానికి వెళితే, పాత ఆపరేషన్ కాగితాలు తెమ్మన్నారు. ఇనప్పెట్టె అడుగున దొరికిన పసుపుపచ్చని కాగితంలో రెండు అండాశయాలూ ఉంచామని ఒకే ఒక్క వాక్యం ఉంది. ఎఫ్ఎస్‌హెచ్, ఈస్ట్రడయాల్ అనే హార్మోన్ల రక్తపరీక్షలు చేస్తే అవి చక్కగా పనిచేస్తున్నట్టు తేలింది. ఏడు నెలల మందు దండగ అయింది. ఇప్పుడు టామాక్సిఫెన్ మీద ఉన్నాను. సంచి లేదు కనుక సంచి క్యాన్సర్ భయమూ లేదు.

టీచరు గారికి కూడా ఇది వర్తిస్తుంది. కీమో వల్ల నెలసరి ఆగితే ముట్లుడిగినట్టు కాదు. కొన్ని నెలలకో, ఏడాదికో మళ్ళీ రావచ్చు. రాకపోయినా గర్భం నిలిచే వీలుంది. టామాక్సిఫెన్ వేసుకునేటప్పుడు గర్భం రాకూడదు కాబట్టి కాపర్-టి గాని కండోమ్ గాని వాడాలి. హార్మోన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు పనికిరావు.

నిదానమే:
అందరూ వేసుకోమనే చెబుతున్నారు కనుక మానేసినదాన్ని ఒకదాన్ని మాట్లాడతాను. నా వయస్సు 61, గడ్డ 8 మిల్లీమీటర్లు, గ్రేడు 1, గ్రంథులన్నీ శుభ్రం. లెట్రోజోల్, ఎక్సిమెస్టేన్, టామాక్సిఫెన్ మూడూ చూశాను. మొదటి రెండింటికీ నడుము, మోకాళ్ళు పట్టేశాయి, మూడోదానికి మనస్సు కుంగిపోయింది. వంటింట్లో నిలబడి ఏ కారణం లేకుండా ఏడ్చేదాన్ని. రెండేళ్ళ తరువాత డాక్టరు గారితో కూర్చుని లెక్క వేసుకున్నాము. మిగిలిన మూడేళ్ళు వేసుకుంటే నాకు కలిగే మేలు వందకు ఒకటి రెండుకు మించదన్నారు. ఆ మేలు కోసం నా రోజులను ఇలా గడపదలచుకోలేదని చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఏటా మామోగ్రామ్ మాత్రం తప్పకుండా చేయించుకుంటున్నాను.

చెప్పకుండా మానేయడం వేరు, చెప్పి మానేయడం వేరు. చాలామంది మందులు కొని అలమారలో పెట్టి, డాక్టరు అడిగితే వేసుకుంటున్నామని చెబుతారు. ఆ పని మాత్రం ఎవరూ చేయవద్దు.

మందుల కొట్టు:
నిదానమే గారి నిర్ణయంతో నాకు పేచీ లేదు, కానీ ఆమె అంకె ఆమెదేనని చదివేవారు గుర్తుంచుకోవాలి. అయిదేళ్ళు మందు వేసుకుని ఆపిన దాదాపు 63 వేలమంది స్త్రీల లెక్క 2017లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అయిదో ఏడు నుంచి ఇరవయ్యో ఏడు లోపల దూరపు అవయవాల్లో జబ్బు తిరిగి కనిపించినవారు, గడ్డ 2 సెంటీమీటర్ల లోపు ఉండి గ్రంథులు శుభ్రంగా ఉన్నవారిలో 13 శాతం. గడ్డ 2 సెంటీమీటర్లు దాటి, ఒకటి నుంచి మూడు గ్రంథుల్లో ఉన్నవారిలో, అంటే టీచరు గారి తరగతిలో, 26 శాతం. వీరిలో చాలామందికి దశాబ్దాల కిందటి వైద్యం జరిగింది కనుక ఇప్పటివారికి ఇంతకన్నా తక్కువే ఉండవచ్చు. అయినా రిసెప్టర్ పాజిటివ్ జబ్బుకు తొందర లేదు. పదేళ్ళ తరువాత కూడా వస్తుంది. అయిదేళ్ళు గడిస్తే చాలునని మనవాళ్ళు ఊపిరి పీల్చుకునేది రిసెప్టర్ నెగెటివ్ జబ్బుకు కొంత సరిపోతుంది, దీనికి సరిపోదు.

టీచరు గారి భర్త అడిగిన ప్రశ్నకు కూడా సూటిగా జవాబుంది. అయిదేళ్ళు ముగిసినవారిలో కొందరిని ఆపించి, కొందరిచేత పదేళ్ళు వేయించిన అట్లాస్ పరిశోధన 2013లో వెలువడింది. అయిదో ఏడు నుంచి పధ్నాలుగో ఏడు వరకు రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయినవారు ఆపినవారిలో 15 శాతం, కొనసాగించినవారిలో 12.2 శాతం. గర్భసంచి క్యాన్సర్ వచ్చినవారు 1.6 శాతం నుంచి 3.1 శాతానికి పెరిగారు. దానితో చనిపోయినవారు 0.2 శాతం నుంచి 0.4 శాతానికి. ఒక క్యాన్సర్‌కు బదులు ఇంకొక క్యాన్సర్ అన్నమాట నిజమే, కానీ రెండు పళ్ళేలూ సమంగా లేవు. పైగా ఈ సంచి ప్రమాదం ముఖ్యంగా ముట్లుడిగినవారిది. అనుకోని రక్తస్రావం కనిపిస్తే వెంటనే చూపించుకోవాలి. ఏ బాధా లేకుండా ఆరు నెలలకొక స్కానింగ్ చేయిస్తే మాత్రం అనవసరపు కంగారే మిగులుతుంది. ఎందుకంటే ఈ మందు క్యాన్సర్ లేకపోయినా సంచి పొరను మందంగా చూపిస్తుంది.

రక్తం గడ్డకట్టే ప్రమాదం రెండు మూడు రెట్లు పెరుగుతుంది. అమ్మగారి సంగతి డాక్టరు గారికి తప్పక చెప్పండి. తుంటి ఆపరేషన్ తరువాత గడ్డకట్టడం ఎవరికైనా జరగగలదు. అది వంశంలో ఉన్న లోపమో కాదో వారు విచారిస్తారు.

ఇంకొక రెండు మాటలు నా వృత్తికి సంబంధించినవి. టామాక్సిఫెన్ కాలేయంలో మారిన తరువాతే సరిగా పనిచేస్తుంది. దిగులుకు వాడే పారోక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ ఆ మార్పును అడ్డుకుంటాయి. ఈ మందు వల్ల ఒక్కసారిగా ఒళ్ళు వేడెక్కే ఒంటి ఆవిర్లకు మందు కావాలంటే వెన్లాఫాక్సిన్ వంటివి ఉన్నాయి. పసుపు మంచిదని గుళికలు కొనేవారు చాలామంది వస్తున్నారు. మిరియాల సారంతో కలిపిన పసుపు గుళికలు ఒంట్లో ఈ మందు స్థాయిని తగ్గించినట్టు నెదర్లాండ్స్‌లో 2019లో చూశారు. పప్పులో వేసే చిటికెడు పసుపుకు ఈ భయం లేదు.

చర్చా నిర్వాహకులు:
మాత్రలకు బదులుగా ఒక పొడిని అమ్ముతామంటూ ఫోన్ నంబరుతో వచ్చిన సందేశాన్ని తొలగించాము. దయచేసి చర్చను విషయం మీదనే ఉంచండి.

ఇంకా పేరు పెట్టలేదు:
నా వయస్సు 33, పెళ్ళయి నాలుగేళ్ళు, పిల్లలు లేరు. నెలకొకసారి పొట్టలో అండాశయాలను నిద్రపుచ్చే గోసెరెలిన్ ఇంజెక్షన్, రోజూ ఎక్సిమెస్టేన్ మాత్ర. అయిదేళ్ళయ్యేసరికి 37 దాటుతాయి. ఈ మాటను మా అత్తగారి ముందు ఎత్తడం కూడా కష్టంగా ఉంది. మధ్యలో ఆపి బిడ్డను కన్నవారు ఎవరైనా ఉన్నారా?

ఫ్రిస్కో అమ్మ:
అమ్మా, నాకు అనుభవం లేదు గాని మా గ్రూపులో ఒక అమ్మాయి అలా చేసింది. పాజిటివ్ అనే పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళు మందు వాడి, తరువాత గర్భం కోసం రెండేళ్ళ దాకా విరామం తీసుకున్నవారిలో మూడేళ్ళ లెక్కలో జబ్బు తిరగబెట్టినవారు 8.9 శాతం, విరామం తీసుకోనివారి పాత లెక్క 9.2 శాతం. అంటే తేడా లేదు. ఇది మూడేళ్ళ సంగతే, ఇంకా దూరం చూడాలి. ఆపిన వెంటనే కాకుండా మూడు నెలలు ఆగి ప్రయత్నించాలి, బిడ్డ పుట్టిన తరువాత మందు మళ్ళీ మొదలుపెట్టాలి. మీ అత్తగారితో మీ వారిని మాట్లాడమనండి, ఆ భారం మీరు మోయకండి.

మానేరు తీరం:
మా అమ్మకు 76, కరీంనగర్‌లో ఉంటుంది. గడ్డ 1.4 సెంటీమీటర్లు, గ్రంథులు శుభ్రం, రిసెప్టర్ పాజిటివ్. రేడియేషన్ కోసం మూడు వారాలు హైదరాబాదులో ఉండడానికి ఒప్పుకోవడం లేదు. మాత్ర వేసుకుంటే రేడియేషన్ మానవచ్చా?

మందుల కొట్టు:
ఇటువంటివారిలో మాత్ర వేసుకుంటూ రేడియేషన్ మానడం గుర్తింపు ఉన్న పద్ధతే. 65 దాటినవారిపై జరిగిన ప్రైమ్-2 పరిశోధనలో రేడియేషన్ లేనివారికి పదేళ్ళలో అదే రొమ్ములో 9.5 శాతం, తీసుకున్నవారికి 0.9 శాతం తిరగబెట్టింది, బతికినవారి సంఖ్యలో తేడా లేదు. కానీ అదంతా మాత్ర సరిగా వేసుకుంటారన్న షరతు మీద. అమ్మగారు బీపీ మాత్రలు క్రమంగా వేసుకుంటారా లేదా అన్నదే ఇక్కడ మంచి ప్రశ్న.

మానేరు తీరం:
వేసుకోదు. నిజం చెప్పాలంటే డబ్బాలో మిగిలినవి లెక్కపెట్టి నేనే పట్టుకున్నాను. అయితే రేడియేషన్‌కే ఒప్పిస్తాను.

కోనసీమ టీచరు:
మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. మా వారిని వెంటబెట్టుకుని డాక్టరు గారి దగ్గరకు వెళ్ళి, మందు లేకపోతే నాకు ఎంత అన్న ప్రశ్నతోనే మొదలుపెట్టాను. ఆయన కొంచెం ఆశ్చర్యపోయి, కంప్యూటరు నా వైపు తిప్పారు. తెర మీద వంద చుక్కలు, వాటిలో రంగు మారిన కొన్ని చుక్కలు. నా మాత్ర వల్ల రంగు మారే చుక్కలను మా వారు వేలితో లెక్కపెట్టారు. తరువాత ఆయన ఇంకేమీ అడగలేదు.

అమ్మకు గడ్డకట్టినది ఆపరేషన్ కారణంగానే కనుక, నాకు గాని మా అన్నదమ్ములకు గాని ఎప్పుడూ రాలేదు కనుక, అది అడ్డంకి కాదన్నారు. కాలు ఒకటే వాచినా, పిక్కలో నొప్పి వచ్చినా, ఆయాసం వచ్చినా అదే రోజు రమ్మన్నారు. రెండో దారి కూడా చెప్పారు. 33 ఏళ్ళ చెల్లెలు రాసినట్టే అండాశయాలను నిద్రపుచ్చే ఇంజెక్షన్, దానితో పాటు ఎక్సిమెస్టేన్. గ్రంథిలో జబ్బు ఉండి, కీమో అవసరమైన నావంటివారికి దానిలో కొంత అదనపు మేలు ఉందట, ఇబ్బందులూ ఎక్కువే. నా అండాశయాలు మేలుకున్నాయో లేదో మూడు నెలల తరువాత రక్తపరీక్షలో చూసి దాని సంగతి తేలుద్దామని, అందాకా టామాక్సిఫెన్ వేసుకోమని అన్నారు. ఈ మాటతో సగం బరువు దిగింది. నేను ఇన్నాళ్ళూ పదేళ్ళకు ఒకేసారి సంతకం పెడుతున్నట్టు భయపడ్డాను.

మొన్న శుక్రవారం రాత్రి అన్నం తిన్న తరువాత మొదటి మాత్ర వేసుకున్నాను. తొమ్మిదో తరగతిలో బోర్డు దగ్గర ఉండగా నిన్న మెడ నుంచి చెవుల దాకా ఒక్కసారి ఆవిరి పట్టింది. మాత్ర వల్లనో, కోనసీమ ఉక్కపోత వల్లనో ఇంకా తెలియదు. ఒక చిన్న సందేహం: ఈసారి దుకాణంలో 20 లేవని 10 మిల్లీగ్రాముల స్ట్రిప్పులు ఇచ్చారు. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి వేసుకోవాలా?

మందుల కొట్టు:
రెండూ రాత్రి ఒకేసారి వేసుకోవచ్చు. ఈ మందు ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది కనుక విడదీయవలసిన పని లేదు. స్ట్రిప్పు మీద రెండు అని స్కెచ్ పెన్నుతో రాసుకోండి. వచ్చే నెల మళ్ళీ 20 ఇస్తే అలవాటు మీద రెండు మింగేస్తారు, మా ఇంట్లో అదే జరిగింది.

కోనసీమ టీచరు:
రాశాను. స్ట్రిప్పు ఫ్రిజ్ మీద నుంచి దిండు పక్కకు వచ్చింది.